ఒక శిక్షకురాలు, ఆమె శిష్యురాండ్రు

మన పాఠశాలలలో హాకీ, ఫుట్‌బాలు, బాడ్మింటను ఆటలను ఎరుగని పిల్లలు లేరు. లాక్రాస్ అను ఆటను చూచినవారు మాత్రము మనలో మిక్కిలి అరుదు. ఆ ఆటను అమెరికా దేశపు కళాశాలలలో యువతులకు నేర్పి, ఆ పనినే జీవితవృత్తిగా చేసికొనిన సిండీ టిమ్‌చాల్ గారి చరిత్రము విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును తెలియదగినదని తలంచి ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ముందుగా ఆటను గూర్చి కొంత చెప్పవలయును. ఇది ఉత్తర అమెరికా ఆదిమజాతులవారు, ముఖ్యముగా ఇరొక్వా ప్రజలు, అనేక శతాబ్దములనుండి ఆడుచున్న ఆట. లాక్రాస్ అను పేరు ఫ్రెంచివారు పెట్టినది. ఆడువారి చేతిలో నొక పొడుగైన కఱ్ఱ యుండును. దాని కొనకు చిన్న వల కట్టియుండును. ఇంచుమించు టెన్నిసు బంతియంత రబ్బరు బంతిని ఆ వలతో పట్టి, పరుగెత్తి, తోడివారికి విసరి, తుదకు ఆరడుగుల ఎత్తును ఆరడుగుల వెడల్పును గల గోలులోనికి కొట్టవలయును. కళాశాల స్త్రీల ఆటలో పక్షమునకు పన్నిద్దఱు. పురుషుల ఆటలోవలె దేహముతో ఢీకొనుటకు ఇందు అనుజ్ఞ లేదు. స్త్రీల కఱ్ఱకు వల లోతు తక్కువ. కావున బంతి జారిపోకుండ, తల్లి ఉయ్యాల నూపునట్లు కఱ్ఱను ఎడతెగక ఊపుచు పరుగెత్తవలయును. ఇట్టి నేర్పు ఒక దినమున వచ్చునది కాదు. ఓపికతో నేర్పువారుండిననే వచ్చును.

ఈ ఆట స్త్రీలలో వ్యాపించుట ఉపాధ్యాయినుల వలననే జరిగినది. స్కాట్లండులోని సెయింట్ లెనార్డ్స్ బాలికా పాఠశాలకు మొదటి ప్రధానోపాధ్యాయినియగు లూయిసా లమ్స్‌డెన్ గారు కెనడాలో ఈ ఆటను చూచి మెచ్చుకొనిరి. 1890 లో ఆ పాఠశాల బాలికలు దానిని ఆడిరి. అచట చదివిన రోజబెల్ సింక్లేర్ గారు 1926 లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, బ్రిన్ మార్ పాఠశాలలో, దానిని స్థిరపఱచిరి.

అయినను స్త్రీలకు ఆటలు నేర్పుట కళాశాలలలో గౌరవమైన యుద్యోగమగుటకు చాలకాలము పట్టెను. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీ పురుష భేదము చూపరాదని 1972 లో అమెరికాలో చట్టము చేయబడెను. దానివలన కళాశాలలలో బాలికల జట్లు పెరిగెను. జాతీయ కళాశాలల క్రీడాసంఘమువారు స్త్రీల లాక్రాస్ పోటీని మొదటిసారి 1982 లో నడిపిరి. టిమ్‌చాల్ గారు చికాగో నగరమునకు సమీపముననున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములో శిక్షకురాలైనదియు ఆ సంవత్సరముననే. అచట 1990 వరకు పని చేసిరి.

1991 మొదలు ఆమె మేరీలండు విశ్వవిద్యాలయమున శిక్షకురాలైరి. అచట ఆమె జట్టు 1992 లోను, మరల 1995 మొదలు 2001 వరకు వరుసగా ఏడు సంవత్సరములును, మొత్తము ఎనిమిది మారులు జాతీయ విజయము పొందెను. ఇందు మేము గమనింపదగినదిగా తలంచు విషయమొకటి గలదు. కెనడా దేశీయుడును, పురుషుల ఆటలో ప్రఖ్యాతుడును అగు గారీ గెయిట్ గారిని ఆమె తనకు సహాయ శిక్షకునిగా నుంచుకొనిరి. వీపు వెనుకనుండి బంతి విసరుట మొదలగు కఱ్ఱ పనితనమును ఆయన బాలికలకు నేర్పిరి. తనకంటె నొక విషయమున ఎక్కువ తెలిసినవారిని ప్రక్కన నిలుపుకొనుటకు ఆమె సంకోచింపలేదు.

ఇంతలో ఆమె విడిచివచ్చిన నార్త్‌వెస్టర్న్ సంగతి ఏమైనది? 1992 తరువాత ఆ విశ్వవిద్యాలయమువారు ఆ జట్టునే తీసివేసిరి. తొమ్మిదేండ్లు శ్రమపడి పెంచిన జట్టు రెండేండ్లలో లేకపోయెను. ఉపాధ్యాయుని పని ఇంత సులభముగా నశించునా యని చదువరులకు సందేహము కలుగవచ్చును. తరువాతి కథయే దానికి సమాధానము.

పది సంవత్సరములు గడచినపిమ్మట, 2002 లో ఆ జట్టు మరల మొదలుపెట్టబడెను. దానికి శిక్షకురాలుగా వచ్చిన కెల్లీ అమాంటీ హిల్లర్ గారు మేరీలండులో టిమ్‌చాల్ గారి శిష్యురాలు. 1995, 1996 సంవత్సరముల విజయములలో ఆడినవారు. ఆమె ఆటలో ఆరితేరినవారి కొఱకే ఎదురుచూడక, విద్యాలయ ఆవరణలో కనబడిన కవల సోదరీమణులను, లాక్రాస్ ఎరుగనివారిని సైతము, పిలిచి నేర్పిరి. 2005 లో ఆ జట్టు ఒక్క ఆటయైనను ఓడక జాతీయ విజయము పొందెను. 2009 వరకు వరుసగా అయిదేండ్లు దానిని నిలుపుకొనెను.

మరియొక శిష్యురాలు క్యాథీ రీస్ గారు 2007 లో మేరీలండు జట్టునకు శిక్షకురాలైరి. 2010 లో జాతీయపోటీ తుదియాటలో మేరీలండు, నార్త్‌వెస్టర్న్ జట్లు ఎదురెదురుగా నిలిచెను. మేరీలండు 13-11 గోలులతో గెలిచెను. మరుసటి యేడు అవే జట్లు మరల తలపడగా నార్త్‌వెస్టర్న్ 8-7 తో గెలిచెను. గెలిచినవారును ఓడినవారును ఒక గురువునొద్దనే నేర్చినవారు.

అప్పుడు ఆ గురువు ఎచటనుండిరి? 2006 తో మేరీలండును విడిచి, అనాపొలిస్ నగరములోని అమెరికా నౌకాదళ విద్యాలయమునకు వెళ్లి, క్రొత్త జట్టును మొదటినుండి కట్టుచుండిరి. అచటి విద్యార్థినులకు చదువుతోబాటు సైనికశిక్షణయు గలదు. ఆ జట్టు 2008 లో విద్యాలయపు అధికార జట్టై, 2017 లో, ముందుటి యేటి విజేతలగు నార్త్ కరోలినావారిని ఓడించి, జాతీయపోటీలో తుది నాలుగు జట్లలో నొకటియయ్యెను. అచట బోస్టన్ కాలేజీవారి చేతిలో 15-16 తో, ఒక్క గోలు తేడాతో ఓడెను. గెలిచియుండినచో తుదియాటలో ఆమెకు ఎదురుగా నిలువవలసినవారు రీస్ గారే. ఆ యేటి విజయమును రీస్ గారి మేరీలండు జట్టే పొందెను.

స్త్రీల లాక్రాస్ శిక్షకులలో 500 విజయములు మొదట పొందినవారు టిమ్‌చాల్ గారే. అట్టి లెక్కలు పుస్తకములలో నిలుచును. కాని తీసివేయబడిన జట్టును మరల నిలిపినది ఆ లెక్కలు కావు. ఆమెయొద్ద నేర్చి, పరులకు నేర్పుట కూడ నేర్చిన శిష్యురాలే. బాలబాలికలారా, ఆటస్థలమున మీకు నేర్పబడుచున్నదానిని మీ తరువాతి తరగతివారికి నేర్పుడు. అప్పుడు మీ ఉపాధ్యాయుల శ్రమ మీతోనే ముగియదు.