విల్లుకు ఏం తగిలించినా బాణం దారి ఎందుకు మారుతుంది?

మధిర నుంచి ఒక ప్రశ్న: భద్రాచలం వైపు నుంచి వెదురు విల్లు తెచ్చుకున్నాను. చప్పుడు తగ్గాలని అల్లెతాడుకు ఊలు కుచ్చులు కట్టాను, పిడి పక్కన బాణాల పొది బిగించాను. అప్పటిదాకా సూటిగా పోయిన బాణాలు ఇప్పుడు ఎడమకి, కాస్త కిందికి పడుతున్నాయి. ఎందుకు?

ముందు కుచ్చుల సంగతి. విల్లు మీద బరువు ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. బాణం వదిలినప్పుడు అల్లెతాడు మధ్యభాగం బాణమంత వేగంగానే ముందుకొస్తుంది, కొనల దగ్గర అంత కదలిక ఉండదు. అందుకే తాడు మొత్తం బరువులో సుమారు మూడోవంతే బాణానికి భారమవుతుంది. నడిమధ్య కట్టిన 2 గ్రాములు మాత్రం పూర్తిగా బాణం నెత్తిన పడ్డట్టే. సెకనుకు 50 మీటర్ల వేగంతో పోయే 30 గ్రాముల బాణమైతే నూటికి రెండు మూడు వంతుల వేగం పోతుంది. 30 మీటర్ల దూరంలో అది దాదాపు బెత్తెడు కింద పడుతుంది.

మరి ఎడమకి ఎందుకు? వేళ్ల నుంచి జారే తాడు తిన్నగా రాదు, కాస్త పక్కకు ఒరిగి వస్తుంది. ఆ తోపుకి బాణం పాములా వంగి, పిడిని తప్పించుకుని పోతుంది. తోపు తగ్గితే వంపూ తగ్గుతుంది. అదే బాణం ఇప్పుడు బిరుసెక్కినట్టు ప్రవర్తిస్తుంది. కుడిచేత్తో తాడు లాగి, బాణాన్ని విల్లుకు ఎడమపక్కన పెట్టేవారికి అది ఎడమకే పోతుంది. పిడికి మందపాటి తోలు చుట్టినా ఇదే జరుగుతుంది. బాణం నడిగీత నుంచి పక్కకు జరిగి, ఇంకా ఎక్కువ వంగాల్సి వస్తుంది కదా!

పొది కథ వేరు. చెయ్యి పట్టుకునే చోటే ఉంటుంది కాబట్టి వేగాన్ని పెద్దగా తగ్గించదు గానీ, విల్లును తనవైపు ఒరగదీస్తుంది. ఆరు బాణాలున్నప్పుడు ఒక ఒరుగు, రెండు మిగిలినప్పుడు ఇంకో ఒరుగు. నన్నడిగితే దాన్ని నడుముకో వీపుకో మార్చేయమంటాను.

బరువు ఎప్పుడూ చెడ్డదేనా అంటే, కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ వాడిన రికర్వ్ విల్లుకు ముందుకు పొడుచుకొచ్చే కడ్డీలుంటాయి. పిడికి దూరంగా ఉన్న బరువు విల్లును చేతిలో తిరగనివ్వదు. దూరం రెట్టింపైతే ఆ నిలకడ నాలుగింతలు. గురి సాధనాలు లేని బేర్‌బో పోటీల్లో మాత్రం తాడు విప్పిన విల్లు, దానికి తగిలించిన బరువుతో సహా, 12.2 సెంటీమీటర్ల వలయంలోంచి దూరాలి. కడ్డీలకు అక్కడ చోటు లేదు.

ఇక సరిచేయడం. పోటీకో సాధనకో ఏవేవి ఉంచుకోవాలనుకుంటున్నారో అవన్నీ తగిలించాకే మొదలుపెట్టండి. పది పదిహేను మీటర్ల నుంచి ఈకలున్న బాణాలు కొన్ని, అదే బరువుతో ఈకల్లేనిది ఒకటి వేయండి. ఈకల్లేనిది మిగతావాటికి ఎడమన పడితే బాణం బిరుసు, కుడిన పడితే మెతక. బిరుసైతే కుచ్చుల్ని కొనల వైపు జరిపి చూడండి. చాలకపోతే కాస్త బరువైన ములికి వేయండి, బాణం ఎక్కువ వంగుతుంది. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. ఊలు నీళ్లు పీలుస్తుంది కాబట్టి, వానలో తడిసిన రోజు పడే గురిని చూసి ములికి మార్చేయొద్దు. ఆరనిచ్చి మళ్లీ వేయండి.