‘సాన్’ ఒక్కటే చాలదు

పేరు చివర ‘సాన్’ చేరిస్తే జపనీస్‌లో మర్యాద పూర్తయినట్టేనని, అది అచ్చం మన ‘గారు’ లాంటిదేనని చాలామంది అనుకుంటారు. ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ఎంతో గౌరవంగా మాట్లాడుతున్నామనుకుంటూనే నొప్పిస్తాం.

అపోహ: పెద్దవాళ్ల పేరు ఎక్కడ ఎత్తినా గౌరవవాచకం ఉండాల్సిందే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మనం ఎవరి ముందైనా ‘మా నాన్నగారు’ అంటాం. బయటి కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే ‘సార్ సీట్లో లేరండీ’ అంటాం. జపాన్‌లో ఈ రెండూ పొరపాట్లే. బయటివాళ్లతో తన తండ్రి గురించి చెప్పేటప్పుడు ‘చిచి’ అనాలి. ‘ఒతోసాన్’ అనేది ఎదుటివాళ్ల తండ్రికి, లేదా ఇంట్లో సొంత తండ్రిని పిలవడానికి. ఆఫీసు ఫోన్‌లోనైతే నిన్నగాక మొన్న చేరిన ఉద్యోగి కూడా తన పైఅధికారిని ‘తనాకా’ అని వట్టి ఇంటిపేరుతోనే చెబుతాడు. ఫోన్ పెట్టేశాక ఆయన మళ్లీ ‘తనాకా-సాన్’ లేదా ‘బుచో’, అంటే విభాగాధిపతి.

జపనీయులు తమవాళ్లను ‘ఉచి’ అని, బయటివాళ్లను ‘సోతో’ అని వేరుచేసి చూస్తారు. తమవైపు వాళ్లను తగ్గించి చెప్పడమే బయటివాళ్లకు ఇచ్చే గౌరవం. వయసు, హోదా లెక్కలోకి రావని కాదు. వింటున్నది ఎవరన్నది వాటికంటే ముందు చూస్తారు. గౌరవాన్ని మనిషికి శాశ్వతంగా అంటిపెట్టే మనకు ఇది కష్టంగానే ఉంటుంది. కానీ ఇది పట్టుబడితే మిగతాదంతా తేలిక.

అపోహ: ‘అనతా’ అంటే ‘మీరు’ కాబట్టి ఎవరినైనా అలా అనొచ్చు.

వాస్తవం: పైవాళ్లను అలా సంబోధిస్తే మొరటుగా ఉంటుంది. పేరో హోదానో వాడతారు, లేదంటే కర్తనే వదిలేస్తారు. ప్రకటనల్లో, ప్రశ్నావళుల్లో ‘అనతా’ మామూలే. భార్య భర్తను అలా పిలవడమూ ఉంది.

అపోహ: పేరు చివర చేర్చే ‘కున్’ మగపిల్లలకే, ‘చాన్’ ఆడపిల్లలకే.

వాస్తవం: ఆఫీసుల్లో పైఅధికారులు కింది ఉద్యోగినులనూ ‘కున్’ అనడం ఉంది. జపాన్ పార్లమెంటులో సభాధ్యక్షులు సభ్యులను ‘కున్’ అనే పిలుస్తారు. 1993లో దిగువసభకు తొలి మహిళా స్పీకరైన దోయ్ తకాకో మాత్రం ‘సాన్’ అన్నారు. నా దృష్టిలో అది చిన్న మార్పు కాదు. ఇక ‘చాన్’ చనువుకు గుర్తు. అమ్మమ్మను కూడా ముద్దుగా ‘ఒబాచాన్’ అంటారు. యానిమేలు, అంటే జపాన్ యానిమేషన్ చిత్రాలు, చూసిన అలవాటుతో సహోద్యోగినిని ‘చాన్’ అని పిలవకండి.

అపోహ: ‘సెన్సేయ్’ అంటే బడిపంతులు మాత్రమే.

వాస్తవం: డాక్టర్లు, లాయర్లు, రాజకీయ నాయకులు, మాంగా (జపాన్ కామిక్స్) రచయితలు కూడా సెన్సేయ్‌లే. అయితే టీచరైనా తన వృత్తి చెప్పుకునేటప్పుడు ‘క్యోషి’ అనే అంటారు. తన పేరుకు తాను ‘సాన్’ తగిలించుకోవడమూ అంతే తప్పు.

అపోహ: పరిచయం కాగానే అసలు పేరుతో పిలిస్తే ఆత్మీయంగా ఉంటుంది.

వాస్తవం: మనలాగే వాళ్లకూ ఇంటిపేరు ముందు వస్తుంది. 2020 జనవరి 1 నుంచి జపాన్ ప్రభుత్వం తన ఇంగ్లిష్ పత్రాల్లోనూ జపనీయుల పేర్లను ఆ వరుసలోనే రాస్తోంది. కానీ మనం పిలిచేది అసలు పేరుతో, వాళ్లు ఇంటిపేరుతో. కాబట్టి ఉద్యోగానికో చదువుకో జపాన్ వెళ్లేవాళ్లు తొలి పరిచయంలోనే తమను ఏ పేరుతో పిలవాలో చెప్పండి. ఎదుటివాళ్లను మాత్రం, వాళ్లంతట వాళ్లు వేరేలా పిలవమనేదాకా, ఇంటిపేరుకు ‘సాన్’ చేర్చే పిలవండి.