బార్సిస్: రియాక్టరు గొట్టాల్లో పగుళ్ల వేట

1983 ఆగస్టు 1న కెనడాలోని పికరింగ్ అణువిద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో ఒక ప్రెజర్ ట్యూబు దాదాపు రెండు మీటర్ల పొడవునా చీలిపోయింది. సిబ్బంది రియాక్టరును సురక్షితంగా ఆపగలిగారు. అయినా ఆ ఘటన ఇంజనీర్ల నమ్మకం ఒకదాన్ని దెబ్బతీసింది. గొట్టంలో పగులు వస్తే ముందు కొద్దికొద్దిగా నీరు కారుతుంది, ఆ తడిని పసిగట్టి రియాక్టరును ఆపేయవచ్చు అన్నది ఆ నమ్మకం. పికరింగ్‌లో గొట్టం ముందుగా కారి హెచ్చరించకుండానే చీలింది. రాజస్థాన్, కల్పాక్కం, నరోరా, కాక్రపార్‌లలో మనం నడుపుతున్నవీ అదే కోవకు చెందిన భారజల రియాక్టర్లే. కారేదాకా ఆగకుండా గొట్టం లోపలికే వెళ్లి చూసే యంత్రం ఎందుకు కావాలో ఈ ఘటన చెబుతుంది. భాభా అణు పరిశోధన కేంద్రం అలాంటి యంత్రాన్ని తయారుచేసింది. దాని పేరు బార్సిస్.

220 మెగావాట్ల రియాక్టరులో ఇలాంటి గొట్టాలు 306 ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు ఐదు మీటర్ల పొడవు. లోపల యురేనియం ఇంధనం, దాని చుట్టూ దాదాపు 290 డిగ్రీల వరకు వేడెక్కే భారజలం, వాతావరణ పీడనానికి 80 రెట్లకు పైగా ఒత్తిడి. ఇంత భారాన్ని మోసే గోడ మందం మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లే. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారైన ప్రతి గొట్టమూ పరీక్షల్లో నెగ్గాకే రియాక్టరుకు చేరుతుంది. కానీ అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. వేడి గొట్టం ఏళ్ల తరబడి బరువుకు కొద్దికొద్దిగా వంగుతుంది. దాని చుట్టూ ఉన్న చల్లని కెలాండ్రియా ట్యూబును తాకకుండా గార్టర్ స్ప్రింగులు రెంటినీ ఎడంగా ఉంచాలి. పాత రియాక్టర్లలో వదులుగా ఉన్న ఈ స్ప్రింగులు చోటు తప్పేవి. గొట్టం చల్లని గోడను తాకిన చోటికి లోహంలోని హైడ్రోజన్ చేరి, పెళుసైన హైడ్రైడ్ బొబ్బలు కట్టేది. పికరింగ్ చీలికకు మూలం ఇదే. అంటే పగులును కనిపెట్టాలంటే పగులు కోసం మాత్రమే వెతికితే చాలదు, దానికి దారితీసే పరిస్థితినీ కొలవాలి.

బార్సిస్ నిర్మాణం వెనక ఉన్న ఆలోచన ఇదే. రియాక్టరును ఆపి, పరీక్షించాల్సిన గొట్టంలోంచి ఇంధనం తీసేశాక, సెన్సర్లు అమర్చిన తలను లోపలికి పంపుతారు. అది తిరుగుతూ ముందుకు సాగుతుంది. అల్ట్రాసోనిక్ ప్రోబు పంపిన తరంగం నీటిలోంచి గోడలోకి దిగి, అవతలి అంచును తాకి తిరిగొస్తుంది. గోడలో ఆ రాకపోకలకు పట్టే కాలం సెకనులో పది లక్షల వంతుకు ఒకటిన్నర రెట్లు. దాన్నిబట్టే గోడ మందం తెలుస్తుంది. నిట్టనిలువుగా ఉన్న పగులు నేరుగా దిగే తరంగానికి సరిగా చిక్కదు. అందుకే ఏటవాలుగా, గొట్టం పొడవునా కొన్ని, చుట్టుకొలత వెంబడి కొన్ని తరంగాలు పంపుతారు. ఎడ్డీ కరెంట్ చుట్ట గోడ అవతల ఉన్న స్ప్రింగు ఎక్కడుందో, రెండు గొట్టాల మధ్య ఎడం ఎంతో చెబుతుంది. చోటు తప్పిన స్ప్రింగును సర్దడానికి వేరే పరికరం ఉంది. హైడ్రోజన్ ఎంత చేరిందో కొలవడానికి లోహాన్ని పలుచగా గీకి తీసే పనిముట్టూ ఉంది.

ఇక్కడ సహజంగా వచ్చే ప్రశ్న: 306 గొట్టాలనూ ప్రతిసారీ ఎందుకు పరీక్షించరు? రియాక్టరు ముఖం దగ్గర పనిచేసే ప్రతి గంటకూ సిబ్బంది రేడియేషన్ రూపంలో మూల్యం చెల్లిస్తారు. అన్ని గొట్టాలదీ ఒకే లోహం, ఒకే నీరు కాబట్టి, ప్రమాదం ఎక్కువగా ఉండగలవాటిని ఎంచి చూడటం సహేతుకమే. కానీ ఏవి ప్రమాదకరమో నిర్ణయించేది మనకు అప్పటికే తెలిసిన కారణాలు. తెలియని కారణం ఎదురైతే ఆ ఎంపికే గురి తప్పుతుంది.

కాక్రపార్ ఒకటో యూనిట్‌లో జరిగింది అదే. అక్కడ పాత జిర్కలాయ్ గొట్టాలను తీసేసి, హైడ్రోజన్‌ను తక్కువగా పీల్చుకునే జిర్కోనియం-నియోబియం గొట్టాలు వేశారు. దశాబ్దమైనా తిరగకముందే, 2016 మార్చి 11న, వాటిలో ఒకటి లీకైంది. రియాక్టరు ఆగింది, అత్యవసర శీతలీకరణ పనిచేసింది. తర్వాతి పరిశీలనలో గొట్టాల బయటివైపు తుప్పు మచ్చలు బయటపడ్డాయి. రెండు గొట్టాల మధ్య ప్రవహించే కార్బన్ డయాక్సైడ్‌లోని మలినాల వైపు వేలు చూపింది దర్యాప్తు. దశాబ్దాలుగా హైడ్రోజన్‌నూ స్ప్రింగులనూ కాపలా కాస్తుంటే ముప్పు వాయువు వైపు నుంచి వచ్చింది.

అలాగైతే ఇంత శ్రమా దండగే కదా అనడం తొందరపాటు. రాజస్థాన్ రెండో యూనిట్‌లో 1990లలో గొట్టాలన్నిటినీ మార్చారు. తర్వాత వరుసగా మరికొన్ని రియాక్టర్లలోనూ మార్చారు. ఇలాంటి నిర్ణయాలకు కొలతల ఆధారం కావాలి. అవి లేకపోతే మిగిలేవి రెండే దారులు: మంచి గొట్టాలను ముందే పారేయడం, చెడ్డవాటిని చీలేదాకా నడపడం. యంత్రం మనం వేసిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబుతుంది, వేయని ప్రశ్న జోలికి పోదు. కాబట్టి తనిఖీలో నెగ్గిందంటే, పలానా లోపాలు పలానా పరిమాణానికి మించి, చూసిన గొట్టాల్లో కనబడలేదని మాత్రమే అర్థం. నడిపే సంస్థా, నియంత్రణ మండలీ ప్రజలకు ఈ మాటను ఇంత స్పష్టంగానే చెప్పాలి. ప్రతి వైఫల్యం తర్వాతా కారణాన్ని పూర్తిగా ప్రచురించి, ఆ కారణాన్ని తర్వాతి తనిఖీ జాబితాలో చేర్చాలి. అణువిద్యుత్ కావాలని కోరే దేశం ఆ పనిని ఖర్చుగా లెక్కేయకూడదు.