గిడ్డంగియు కళామందిరమును: పుదుచ్చేరి పాత రేవు

తెలుగున 'గిడ్డంగి' యనగా సరకు నిలువచేయు కట్టడము. తమిళమున దీనికి సాటిపదము 'కిడంగు'. 'పడియుండుట' యను నర్థముగల ధాతువు దీనికి మూలమందురు. ఈ దక్షిణదేశపు మాటయే ఓడవర్తకులతో మలయాదేశమునకు బోయి 'గుదాంగ్' అయినదనియు, పిదప పోర్చుగీసువారి మూలమున ఇంగ్లీషున 'గొడౌను'గా మారినదనియు కొందరు నిఘంటుకారులు తలచిరి. అదియే నిజమైనచో మనము నేడు వాడు 'గోదాము' సముద్రము దాటి తిరిగివచ్చిన మాట యగును. మాట తిరిగివచ్చినను సరకు తిరిగిరాని గిడ్డంగులు తీరపట్టణములలో పెక్కు కలవు. వానిని పడగొట్టవలెనా, మరియొక పనికి నియోగింపవలెనా? వైట్ టౌను దక్షిణపు కొనయందున్న పుదుచ్చేరి పాత రేవు ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

ఫ్రెంచివారు 1669లో మచిలీపట్టణమునను, 1674 నాటికి పుదుచ్చేరియందును వర్తకస్థానము లేర్పరచుకొనిరి. గోదావరీముఖమునందలి యానాము 1723లో వారి చేతికి వచ్చెను. ఈ మూడు తావులందును వారిని ఆకర్షించినది ప్రధానముగా సాలెవారి నేతయే. పందొమ్మిదవ శతాబ్దమున నీలిమందు అద్దిన 'గినే' బట్టలు పుదుచ్చేరినుండి ఆఫ్రికాలోని సెనెగల్ వరకు పోయెడివి. అయినను ఇచట సహజమైన ఓడరేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేయగా, కొబ్బరితాళ్లతో కుట్టిన పడవలు అలలమీదుగా సరకును ఒడ్డునకు చేర్చెడివి. 1836లో దీపస్తంభము వెలిగినది. 1866లో ఇనుపవంతెన సముద్రములోనికి సాగినది. ఆ వంతెన 1952 తుపానులో నశించెను. 1954 నవంబరు 1న పరిపాలన భారతదేశమునకు బదిలీ యయిన పిదప వేరొక వంతెన నిర్మింపబడినది. కాలక్రమమున ఓడలరాక సన్నగిల్లి గిడ్డంగులు పని కోల్పోయినవి.

పుదుచ్చేరి 2017లో స్మార్ట్ సిటీ పథకమునకు ఎంపికైనది. పాత రేవు ఆవరణమును, తీరవీథిలోని పాత సారాయి కర్మాగారమును సాంస్కృతిక వినోదములకు ఉపయోగింపవలెనను ఆలోచనలు ఇటీవలి ప్రభుత్వ ప్రణాళికలలో చోటుచేసుకొన్నవి. ఇట్టి మార్పునకు అన్యత్ర ఉదాహరణములు లేకపోలేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ రేవుకట్టపై సరకు షెడ్లు 1982లో 'వాటర్‌షెడ్' అను సినిమా, కళాకేంద్రముగా మారినవి. కొచ్చిలో సుగంధద్రవ్యములు, కొబ్బరిపీచు మొదలగువాని వర్తకము సాగిన ఆస్పిన్‌వాల్ భవనము 2012నుండి ద్వైవార్షిక కళాప్రదర్శనకు ముఖ్యస్థాన మైనది.

ఇట్టి కట్టడములు కళకు అనుకూలించుటకు కారణము వాని నిర్మాణముననే కలదు. సరకు పేర్చుటకై లోపలి చోటును విశాలముగ, స్తంభములు తక్కువగ కట్టిరి; దొంగల భయముచే కిటికీలు స్వల్పముగ నుంచిరి. చీకటి కావలసిన చలనచిత్రమునకును, గోడలు కావలసిన చిత్రపటములకును ఈ రెండు గుణములును మేలుచేయును. కాని గిడ్డంగిలో ధ్వని మారుమ్రోగును, రేకుకప్పు వేడెక్కును, ఉప్పుగాలి ఇనుమును తినివేయును. సున్నపు గోడలకు సిమెంటు పూసినచో లోని తేమ వెలుపలికి పోజాలక ఇటుక క్రమముగ పెళుసగును. పైమెరుగులకంటె ముందు చేయవలసినది ఈ మరమ్మతే.

సముద్రము సయితము ఆలస్యమును సహింపదు. 1980ల దశాబ్దమున అరియాంకుప్పము నది మొగయొద్ద అలకట్టలు వెలసిన పిదప ఉత్తరముఖముగ సాగు ఇసుక ఆగిపోయి, నగరపు తీరము కోతకు గురియైనది. మరమ్మతుకై యెదురుచూచుచుండిన మేరీ భవనము 2014 నవంబరులో కూలెను. దానిని తిరిగి కట్టి 2021లో ప్రారంభించిరి. 2022 మార్చిలో పాత రేవు వంతెనలో కొంతభాగము సముద్రమున పడిపోయినది. మేరీ భవనమునకు పూర్వరూపము దక్కినది గాని అందలి ఇటుకలు క్రొత్తవి.

కట్టడము నిలిచినను దాని జ్ఞాపకము పోవుట మరియొక నష్టము. వైట్ టౌను అందమును వర్ణించువారు పసుపుగోడలను, కాగితపుపూల తీగెలను పేర్కొందురేకాని, మూటలు మోసిన కూలీలను, పడవలు నడపినవారిని, నీలిరంగు అద్దినవారిని తలచుట అరుదు. వైట్ టౌను సంపద వారి చేతులమీదుగా సాగినదే. పాత రేవు ప్రక్కనే వంబాకీరపాళయమను జాలరిపేట నేటికిని కలదు. అచటి బిడ్డలు చొరజాలని సినిమాశాల రేవుకట్టపై వెలసినచో, గోడలు మిగిలినను రేవు చరిత్ర మిగులదు. తూనికస్థలమును, పట్టాల గుర్తులను, గోడపై సరకు లెక్కల వ్రాతలను, ఏవి దొరకిన వానిని, చెరపక నిలుపుట. కూలివారి, జాలరుల నోటిమాటలను తమిళ తెలుగు ఫ్రెంచి భాషలలో సేకరించుట. ప్రవేశమును సామాన్యునకు అందుబాటులో నుంచుట — ఈ మూడును జరిగినప్పుడే గిడ్డంగి తన పేరునకు తగినట్లు ఒక సంపదను కాపాడిన దగును.