పిక్కలకు మెట్టు చాలు

"పొద్దున లేచింది మొదలు నడుం వంచే ఉంటాం. మళ్లీ వ్యాయామం ఎందుకండీ?" అని అడిగే ఆడవాళ్లు చాలామందే. తొర్రూరు చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేసేవాళ్లు అడిగితే కాదనడానికి నోరు రాదు. వంగి నాటుతున్నంతసేపూ తొడ వెనక కండరాలు సాగే ఉంటాయి మరి!

అయితే కండ పెరగాలంటే ఉత్తినే సాగితే చాలదు. సాగినప్పుడే దానిమీద బరువు పడాలి, ఆ బరువు వారాలు గడిచేకొద్దీ పెరగాలి. నాట్లలో రోజంతా అదే వంపు, అదే బరువు. ఓర్పు వస్తుంది, నడుంనొప్పీ వస్తుంది. కండ మాత్రం అంతగా రాదు.

ఈ సంగతి తేల్చిన పరిశోధనల్లో ఒకటి ఆడవాళ్ల మీదే జరిగింది. 2023లో వెలువడిన ఆ అధ్యయనంలో బ్రెజిల్ పరిశోధకులు 42 మంది యువతుల చేత 8 వారాలపాటు పిక్కల వ్యాయామం చేయించారు. మడమ బాగా కిందికి దిగి పిక్క సాగిన సగంలోనే చేసినవారికి లోపలివైపు పిక్క కండరం సుమారు 15 శాతం పెరిగింది. పూర్తిగా పైకీ కిందికీ చేసినవారికి 7 శాతం లోపే. పై సగంలోనే చేసినవారికి 3 శాతం చిల్లర! 2025లో వచ్చిన మరో పరిశోధనలో, బరువులెత్తే అలవాటున్నవారి చేతులు, వీపుల విషయంలో ఇంత తేడా కనిపించలేదు లెండి. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం ప్రయత్నించి చూడొచ్చు.

'కండలొస్తే మగరాయుడిలా కనిపిస్తామేమో' అన్న భయం వద్దు. ఆడవారి హార్మోన్లతో అంత సులువుగా రావవి. అసలు భయపడాల్సింది కండ తగ్గడానికి. ముట్లుడిగాక అది కరుగుతూ వస్తుంది. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోతాం. నెపం మాత్రం మోకాళ్ల మీదికి తోసేస్తాం! శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి బరువుతో గొంతుక్కూర్చునే కదా లేచేది!

ఇంట్లో ఎలా చేయాలంటారా? గోడో, పిట్టగోడో పట్టుకుని మెట్టు అంచున ముని పాదాలతో నిలబడండి. మడమల్ని మెల్లగా మెట్టు కిందికి దించి రెండు క్షణాలు ఆగి, సగం వరకే లేవండి. పది పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. సులువైతే ఒంటికాలి మీద చేయండి. మొదటి రెండు మూడు రోజులు పిక్కలు పట్టేస్తాయి, అది మామూలే. మడమ వెనక నరం దగ్గర పోటు వస్తే మాత్రం ఆపేయండి. షుగరుతో పాదాలు మొద్దుబారినవారు డాక్టరును అడిగాకే మెట్టెక్కాలి.