కాడ మొదట్లో చెట్టు ఆనవాలు

చెట్టును ఆకుతో గుర్తుపట్టమంటే ఎవరైనా ముందు ఆకు ఆకారమే చూస్తారు. గుండ్రంగా ఉందా, కోలగా ఉందా, అంచుకు పళ్లున్నాయా అని. ఇంగ్లండు, అమెరికా పుస్తకాలు నేర్పేదీ ఇదే. అక్కడ అది పనికొస్తుంది. ఓక్ ఆకు అంచు వంపులు, మేపుల్ ఆకు కోణాలు దూరం నుంచే తెలిసిపోతాయి. ఆ పద్ధతినే నమ్ముకుని ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో బయల్దేరితే ఒక సెక్టార్ దాటకముందే తికమక మొదలవుతుంది. ఇప్ప, సాల, నల్లమద్ది, తునికి, నేరేడు... అన్నీ కోలాకులే. అన్నిటి అంచూ దాదాపు నున్ననే.

ఇది యాదృచ్ఛికం కాదు. ఇర్వింగ్ బెయిలీ, ఎడ్మండ్ సినట్ అనే ఇద్దరు అమెరికన్ వృక్షశాస్త్రవేత్తలు 1915లో ఒక సంగతి బయటపెట్టారు. చలి ప్రాంతాల చెట్లలో పళ్ల అంచు ఆకులు ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ నున్నని అంచున్న ఆకుల వాటా పెరుగుతుంది. ఈ సంబంధాన్ని ఆధారం చేసుకునే, రాళ్లలో అచ్చుపడిన ఆకుల అంచులను లెక్కించి కోట్ల ఏళ్ల కిందటి ఉష్ణోగ్రతను అంచనా వేస్తున్నారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే దుర్గ్ జిల్లాలో, అంటే భిలాయి ఉన్న జిల్లాలో, నున్నని అంచులే కనిపించడంలో వింతేమీ లేదు. కాబట్టి ఇక్కడ చూపు అంచు మీంచి కాడ మొదటికి జరగాలి. ఆకు కొమ్మకు అతుక్కున్న చోట, కాడ రేకును కలిసిన చోట, ఆకు వెనకవైపు... అసలు ఆనవాళ్లు అక్కడుంటాయి.

నేను చెబుతున్నవన్నీ గట్టి కలప చెట్లే, అంటే హార్డ్‌వుడ్‌లు. ఆ మాటకు అర్థం ముందు చెప్పాలి. కలప వ్యాపారంలో హార్డ్‌వుడ్ అన్నప్పుడు కలప గట్టితనం లెక్కలోకి రాదు. పూలు పూసి, గింజను కాయలో దాచుకునే వెడల్పాకుల చెట్లన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అగ్గిపుల్లలకు వాడే మెత్తటి బూరుగు కూడా హార్డ్‌వుడ్డే. దేవదారు, పైన్ లాంటి సూదాకుల చెట్లు మాత్రం కావు.

ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక, పొలాల నడుమ లేచిన ఊరు భిలాయి. అందుకని ఇక్కడి చెట్లు రెండు తరాలవి. వీధుల వెంట నాటిన వేప, తురాయి, దిరిసెన, సిస్సూ ఒక తరం. ఊరి కంటే ముందే పొలం గట్ల మీద, వాగుల పక్కన ఉన్న ఇప్ప, మోదుగ, తెల్లమద్ది మరో తరం. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండో తరం కొత్తేమీ కాదు. తూర్పు కనుమల్లో పెరిగేవీ చాలావరకు ఇవే. పిల్లలకు వాటి పేర్లు తెలియకపోవడమే నాకు బాధ.

మొదటి పరీక్ష మొగ్గతో. ఆకు కాడ కొమ్మను కలిసే మూలను గ్రీవం అంటారు. అక్కడ ఒక చిన్న మొగ్గ ఉంటుంది. మొగ్గ ఎక్కడుంటే ఆకు అక్కడ మొదలైనట్టు. వేప దగ్గర దీన్ని చూడండి. మనం గిల్లి నమిలే కొడవలి ముక్క మొదట్లో మొగ్గ కనిపించదు. ఆ ముక్కలన్నీ పట్టుకున్న ఈనె కొమ్మను చేరేచోట కనిపిస్తుంది. అంటే ఆ రెమ్మ మొత్తం ఒకే ఆకు, ముక్కలు పత్రకాలు. మోదుగకు పత్రకాలు మూడే. కొసది పెద్దది; పక్కవి రెండూ ఒకవైపు ఒరిగినట్టు వంకరగా ఉంటాయి. విస్తళ్లు కుట్టినవాళ్లకు ఈ తేడా వేళ్లకే తెలుసు. సిస్సూ, కానుగ కొత్తవాళ్లకు ఒకేలా అనిపిస్తాయి గానీ, కానుగలో పత్రకాలు ఎదురెదురుగా జతలు కడతాయి. సిస్సూలో ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చి మధ్య ఈనె మెలికలు తిరుగుతుంది.

రెండో పరీక్ష అమరిక. కొమ్మ మీద ఆకులు జతగా ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయా? ఎదురెదురు ఆకుల చెట్లు తక్కువ కాబట్టి ఈ ఒక్క ప్రశ్నతో సగం పేర్లు పక్కకు పోతాయి. టేకు, నేరేడు, పసుపు కడిమి ఎదురెదురు జట్టులోవి. టేకు లేతాకును అరచేతిలో నలిపితే ఎర్ర రంగు అంటుకుంటుంది. మరో పరీక్ష అక్కర్లేదు. పసుపు కడిమి ఆకు రావి ఆకులా హృదయాకారంలో ఉండి చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. రావికి ఆకులు ఒక్కొక్కటిగా వస్తాయి, కాడ తుంచితే పాలు కారతాయి. పసుపు కడిమికి పాలుండవు. ఆకులు జతగా ఉంటాయి, ఎదురెదురు కాడల నడుమ కొమ్మ మీద చిన్న ఆకుపొరలుంటాయి. ఇది కాఫీ కుటుంబపు చెట్టు. అరకులో కాఫీ మొక్క కణుపును దగ్గరగా చూసినవాళ్లు ఆ పొరలను వెంటనే పోల్చుకుంటారు.

మద్దిచెట్ల దగ్గర కాస్త ఆగాలి. తెల్లమద్దిని ఛత్తీస్‌గఢీలో కౌహా అంటారు, నల్లమద్దిని సాజా అంటారు. రెండిటి ఆకులూ పొడవుగా, తోలులా మందంగా, ఇంచుమించు ఎదురెదురుగా ఉంటాయి. పక్కపక్కన పెట్టినా తేడా చెప్పడం కష్టం. ఆకును వెనక్కి తిప్పి, కాడ రేకును తాకే చోట చూడండి. తెల్లమద్దికి సరిగ్గా ఆ కలయిక దగ్గర, కాడ చివర, రెండు చిన్న బుడిపెలుంటాయి. నల్లమద్దికి అవి కాస్త పైకి జరిగి నడిమి ఈనె మీద, ఆకు వెనకవైపు, పొట్టి కాడతో లేచి కనిపిస్తాయి. ఇవి తేనె గ్రంథులు. పూలతో సంబంధం లేకుండానే తీపి రసం ఊరుస్తాయి, చీమలు వాటికోసం వస్తాయి. బెరడు చూస్తే సందేహం పూర్తిగా తీరుతుంది. తెల్లమద్ది మాను నున్నగా, పాలిపోయిన బూడిద రంగులో ఉంటుంది. నల్లమద్దిది నల్లగా, మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. కోసా పట్టుపురుగుకు ఈ రెండిటి ఆకులూ మేతే. ఛత్తీస్‌గఢ్ కోసా చీర వెనక మద్దాకే ఉంది.

ఇక ఇప్ప, సాల. తుంచగానే పాలు కారితే ఇప్ప. దాని ఆకులు కొమ్మల కొసల్లో గుత్తులుగా చేరతాయి. సాలకు పాలుండవు. ఆకులు కొమ్మ పొడవునా విడివిడిగా వస్తాయి. అడుగు గుండ్రంగా, పైభాగం మెరుస్తూ, వెనక పక్క ఈనెలు వరసగా ఉబ్బి ఉంటాయి. సాల ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం. ఇక్కడివాళ్లు సరై అంటారు. భిలాయి రైలు పట్టాలకు పేరుపడ్డ ఊరు. కాంక్రీటు రాకముందు దశాబ్దాల పాటు మన దేశంలో పట్టాల కింద పరిచిన చెక్క స్లీపర్లకు సాలను విరివిగా వాడారు. పట్టా తయారయ్యే ఊళ్లో సాలాకును పోల్చుకోగలిగిన పిల్లలుండాలని కోరుకోవడం అత్యాశ అనుకోను.

తునికి సంగతి వేరు. దాన్ని శాస్త్రవేత్తల కంటే ముందు కూలీల వేళ్లు చదివాయి. లేతాకు వెనక మెత్తటి నూగు, తోలులాంటి మందం, ఎండినా చిట్లని గుణం బీడీకి సరిపోయాయి. ఏప్రిల్, మే నెలల్లో కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కడతారు. దీనికి శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచిన వైద్యుడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన తెచ్చిన బొమ్మల గ్రంథం 1795 నుంచి సంపుటాలుగా వెలువడింది. భారతీయ చిత్రకారులు గీసిన ఆ బొమ్మల్లో తునికి ఒకటి.

ఆకును నమ్మకూడని సందర్భాలూ ఉన్నాయి. నరికిన మోడు నుంచి లేచిన టేకు చిగురుకు ఆకులు మామూలు కంటే ఎంతో పెద్దవిగా వస్తాయి. నీడలో ఆకు వెడల్పుగా, పలచగా ఉంటుంది. అదే చెట్టు కొసన ఎండలో చిన్నగా, మందంగా ఉంటుంది. కాబట్టి నేల మీద రాలిన ఒక్క ఆకుతో తేల్చకుండా, చేతికందే ఎత్తులో ఎండ తగిలే కొమ్మను చూడాలి. ఊళ్లో దుమ్ము పేరుకున్న ఆకును తడిగుడ్డతో తుడిస్తేగాని నూగు, గ్రంథులు కనిపించవు. బడి ప్రాజెక్టుల్లో ఆకు రేకును మాత్రం కత్తిరించి అతికిస్తుంటారు. కణుపు, మొగ్గ, గ్రంథులు ఆ కత్తిరింపుతోనే పోతాయి. రాలిన చిన్న రెమ్మను కణుపుతో సహా అతికించమని ఉపాధ్యాయులు చెబితే చాలు.

మార్చిలో ఇనుప గనులున్న దల్లీ రాజహరా వైపు వెళ్తే అడవి మధ్యలో నిలువెల్లా ఎర్రబడిన చెట్లు కనిపిస్తాయి. మోదుగ పూసిందనుకుంటారు. దగ్గరికెళితే పూలుండవు, ఎర్రని లేతాకులుంటాయి. అది కుసుమ, మన అడవుల్లో పుసుగు అనేది. లక్క పురుగులను పెంచే చెట్లలో ఇదొకటి. ఒక ఆకు పట్టుకుని చూడండి. పత్రకాలు రెండు నుంచి నాలుగు జతలు. కాడ దగ్గరి జత అన్నిటికంటే చిన్నది, కొసన ఒంటి పత్రకం ఉండదు. నెల తిరక్కముందే ఎరుపంతా ఆకుపచ్చకు మారిపోతుంది గానీ, ఈ లెక్క మాత్రం ఆకు రాలేదాకా అలాగే ఉంటుంది.