వెన్న శాతం, నెత్తురులోని కొలెస్టరాల్

మన పాల సంఘాలలో ఉత్పత్తిదారునికి ముట్టే సొమ్ము చాలావరకు వెన్న శాతాన్నిబట్టే ముడుతుంది. కనుక వెన్న గురించి ఎవరైనా చెడ్డమాట అంటే అది నేరుగా సభ్యుని గుండెకు తగులుతుంది. ఈమధ్య ధర్మవరం చుట్టుపక్కల సర్వసభ్య సమావేశాలకు వెళ్ళినప్పుడు లెక్కల పద్దు ముగిసీ ముగియకముందే ఒక ప్రశ్న వస్తున్నది. పగలంతా గుంటమగ్గంలో కూర్చుని నేస్తూ, ఇంటి దగ్గర రెండు ఎనుములను మేపుకునే ఒక సభ్యుడు ఇలా అడిగాడు: "సార్, డాక్టరు నన్ను పాలూ నెయ్యీ మానుకోమన్నాడు. మనం అమ్మేది మనకే పనికిరాదా?"

ఈ వ్రాసేవాడు వైద్యుడు కాడు. సహకార శాఖలో డిప్లొమాతో చేరి లెక్కలు, వెన్న పరీక్షలు చూస్తూ వచ్చినవాడు. అయితే ఈ విషయాన్ని పరిశోధకులు తేల్చుకున్న తీరు మన పరీక్ష గదికి ఎంతో దగ్గరగా ఉన్నది. అందుచేత సభ్యులకు సులభంగానే బోధపడగలదు.

నీటికంటె వెన్న తేలిక. వెన్న ఎక్కువగా ఉన్న పాలలో లాక్టోమీటరు రీడింగు తగ్గుతుంది. మీగడ తీసి నీళ్ళు కలిపినవాణ్ణి లాక్టోమీటరు ఒక్కటే పట్టలేకపోవటానికి కారణమిదే. మీగడ తీస్తే రీడింగు పెరుగుతుంది, నీళ్ళు కలిపితే మళ్ళీ మామూలుకు దిగుతుంది. అందుకనే గెర్బర్ పరీక్ష వచ్చింది. 10.75 మిల్లీలీటర్ల పాలను ఆమ్లంతో బ్యూటిరోమీటరులో పోసి సెంట్రిఫ్యూజులో తిప్పితే వెన్న విడివడి పైకి తేలుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ గాఫ్‌మన్ అనే పరిశోధకుడు 1949-50 ప్రాంతంలో నెత్తురుతో ఇటువంటి పనే చేశాడు. ఆయన సెంట్రిఫ్యూజు మనదానికంటె ఎన్నో రెట్లు వేగంగా తిరిగేది. నెత్తురులోని కొవ్వు ఒకే రకంగా లేదని, మాంసకృత్తులతో కలిసి చిన్న చిన్న కణాలుగా ప్రయాణిస్తున్నదని, వాటిలో తేలికవి, బరువువి ఉన్నాయని తేలింది. ఈనాడు రక్తపరీక్ష కాగితంలో కనిపించే ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. అనేవి ఈ సాంద్రత భేదాన్నిబట్టి పెట్టిన పేర్లే. తేలికపాటి ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్‌ను ఒళ్ళంతా చేరవేస్తుంది. మిగిలినదాన్ని కాలేయానికి తిరిగి తెచ్చే పనిలో బరువైన హెచ్.డి.ఎల్. పాలు పంచుకుంటుంది.

కొలెస్టరాల్ విషం కాదు. ప్రతి కణానికీ అది కావాలి. మనం తినకపోయినా ఒంట్లో రోజుకు ఇంచుమించు ఒక గ్రాము తయారవుతూనే ఉంటుంది. పెద్ద గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్ల ఎనుము పాలలో ఉండేది సుమారు 40 మిల్లీగ్రాములే. మరి చిక్కు ఎక్కడ వస్తుంది? టెక్సాస్‌లోని డల్లాస్ నగరంలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరు వైద్యులు 1970 దశాబ్దంలో దీనిని కనుగొన్నారు. వారికి 1985లో నోబెల్ బహుమతి లభించింది. ఎల్.డి.ఎల్. కణాలను లోపలికి దించుకునేందుకు కాలేయ కణాల మీద ప్రత్యేకమైన ద్వారాలుంటాయి. చల్లబరిచే కేంద్రంలో క్యాన్లు దించుకునే తలుపులు నాలుగింటిలో మూడు మూసివేస్తే లారీలు రోడ్డుమీద బారులు తీరినట్లు, ఈ ద్వారాలు తగ్గితే ఎల్.డి.ఎల్. నెత్తురులో నిలిచిపోతుంది. అలా ఏళ్ళ తరబడి నిలిచినది రక్తనాళాల గోడలలో పేరుకుంటుంది. వంశపారంపర్యంగా ద్వారాలు తక్కువగా ఉన్నవారికి చిన్న వయసులోనే గుండెపోటు రావటం ఇందువల్లనే. తక్కినవారిలో ఈ ద్వారాలను తగ్గించే వాటిలో ముఖ్యమైనది సంతృప్త కొవ్వు, అంటే చల్లటి పూట పేరుకునే జాతి కొవ్వు. నెయ్యిలో సగానికి మించి ఉన్నది ఇదే. ఈ సంగతి దాచి నెయ్యిని పొగడటం మన సంఘాలకు తగదు.

మన రాష్ట్రాలవారి ఆహారం సంగతి హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. అక్కడ డాక్టర్ గఫూరున్నీసా ఆహారంలోని కొవ్వుల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. మనం చేత్తో పోసుకునే నూనె, నెయ్యి మాత్రమే కొవ్వు కాదనీ, జొన్న, రాగి, బియ్యం, పప్పులు, పాలు వీటన్నిటిలో కంటికి కనబడని కొవ్వు ఉన్నదనీ, దానినీ లెక్కలోకి తీసుకోవాలనీ ఆమె చెప్పారు. ఒకే నూనెను పట్టుకుని ఉండక మార్చి, కలిపి వాడుకోవాలన్నారు. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వుల హానిని గురించి కూడా హెచ్చరించారు. ట్రాన్స్ కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచటమేగాక హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుంది. ఆ విధంగా అది నెయ్యికంటె చెడ్డది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలలో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు నూటికి రెండుకు మించరాదని నిబంధన వచ్చింది. నేతిలో వనస్పతి కలిపేవారిని పట్టటానికే పూర్వం వనస్పతిలో నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలని చట్టం చేశారు. బాడోయిన్ పరీక్షలో ఎరుపు తిరగటం దానివల్లనే. పల్లెలో నెయ్యి అని నమ్మి వనస్పతి తిన్నవారు తక్కువమంది కారు. వారి గుండె జబ్బును ఏ ఖాతాలో వ్రాయాలో మరి!

నెయ్యి పక్షం వహించేవారు తరచు చూపే పరిశోధన ఒకటున్నది. రైల్వే వైద్యాధికారి డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా దేశంలోని రైల్వే ఉద్యోగుల మరణాలను పరిశీలించి 1967లో ప్రకటించారు. పాల కొవ్వు ఎన్నో రెట్లు ఎక్కువగా తినే పంజాబు ఉద్యోగులకంటె, నూనె గింజల కొవ్వు కొద్దిగా తినే దక్షిణాది ఉద్యోగులు గుండె జబ్బుతో సుమారు ఏడు రెట్లు ఎక్కువగా చనిపోయారని లెక్క తేలింది. ఆ రోజులలో మన ధర్మవరం జంక్షను దక్షిణ రైల్వేలోనే ఉండేది. లెక్క ఆశ్చర్యకరమైనదే. కాని దీనితో నెయ్యి గుండెను కాపాడుతుందని తీర్మానించటం, రెండు సంఘాల సగటు వెన్న శాతాలు చూసి ఫలానావారి ఎనుము మంచిదని చెప్పినట్లుంటుంది. రెండు ప్రాంతాల మధ్య తిండి ఒక్కటేనా తేడా? పని, పొగతాగటం, ఒంటి కట్టు అన్నీ వేరు. కొవ్వు ఒక్కటే దోషి కాదని మాత్రం ఆ లెక్క గట్టిగా చూపింది.

పని సంగతిని లండనులో జెరెమీ మారిస్ అనే వైద్యుడు పట్టుకున్నాడు. రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు మెట్లెక్కి దిగుతుంటాడు. జీతం, జీవనం ఇంచుమించు ఒకటే. అయినా కండక్టర్లలో గుండెపోటు బాగా తక్కువగా ఉన్నదని, వచ్చినా ప్రాణం తీసేంత తీవ్రంగా రావటం తక్కువేనని 1953లో ప్రకటించాడు. తరువాత ఆయనే వారి యూనిఫారం కొలతలు తీయించి చూస్తే, డ్రైవర్ల నడుము మొదటినుంచే లావుగా ఉన్నట్లు తెలిసింది. అంటే తేడా అంతా మెట్లవల్లనే వచ్చిందని చెప్పటానికి లేదు. తన లెక్కను తానే ఇలా ఆడిట్ చేసుకునేవారంటే ఈ వ్రాసేవానికి గౌరవం.

వ్యాయామం చేస్తే ఎల్.డి.ఎల్. పెద్దగా తగ్గదు. ఇది చాలామంది ఎరుగరు. తగ్గేది ట్రైగ్లిసరైడులనే మరొక కొవ్వు. హెచ్.డి.ఎల్. కొంచెం పెరుగుతుంది, చక్కెర, రక్తపోటు అదుపులోకి వస్తాయి. పాలు నిల్వ ఉన్నప్పుడు పాడు వాసన తెచ్చే లైపేజు అనే పదార్థం మనకు శత్రువు. అదే పదార్థం మన కండరాల రక్తనాళాలలో ఉండి నెత్తురులోని కొవ్వును విడగొట్టి కండకు అందిస్తుంది. పని చేసే కండలో అది చురుకుగా ఉంటుంది, రోజంతా కూర్చుంటే మందగిస్తుంది. గుంటమగ్గంలో కాళ్ళు ఆడుతున్నా ఒళ్ళు కదలదు. సేద్యం చేసేవారికి కూడా కపిలి తోలిన రోజులు పోయి మోటారు మీట వచ్చింది. పాల క్యాను సంఘానికి నడిచి రావటం లేదు, మోటారు సైకిలు మీద వస్తున్నది. తాత తిన్న నెయ్యే మనవడూ తింటున్నాడు గాని, తాత పని చేయటం లేదు.

ఇది పట్నాల జబ్బనుకునే కాలం కూడా పోయింది. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో ఒక సంవత్సరంపాటు జరిగిన 1354 మరణాల గురించి, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి బంధువులనడిగి కారణాలు నమోదు చేశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే. అంటువ్యాధుల లెక్క అందులో సగం కూడా లేదు. అవి పాడిపంటల గ్రామాలే.

అందుచేత ఎంత తినాలన్నదానికి అందరికీ ఒకే కొలత లేదు. పనినిబట్టి కొలత మారుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2010లో ఇచ్చిన సిఫారసులో కూర్చుని పనిచేసే పురుషునికి రోజుకు 25 గ్రాములు, ఓ మోస్తరు పనికి 30, బరువు పనికి 40 గ్రాముల కనబడే కొవ్వు చాలునన్నారు. స్త్రీలకు అదే వరుసలో 20, 25, 30. నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపిన లెక్క ఇది. మగ్గం మీద కూర్చునేవానికి నెలకు ముప్పాతిక కిలో మాత్రమే. పెద్ద చెంచాడు నెయ్యి ఒక పూట వేసుకుంటే ఆ రోజు కోటాలో సగం దాటిపోయినట్లే. ఇక పాలు మానవలసిన పని లేదు. 200 మిల్లీలీటర్ల ఎనుము పాలలో ఏడు శాతం చొప్పున 14 గ్రాముల వెన్న ఉంటే, టోన్డు పాలలో 6, డబుల్ టోన్డులో 3 గ్రాములే. మాంసకృత్తులు, సున్నం ఎక్కడికీ పోవు. ఇంట్లో కాచి మీగడ తీసిన పాలైనా, ఆ మజ్జిగైనా సరిపోతుంది. తీసిన మీగడను నెయ్యి చేసి అమ్ముకుంటే ఆదాయానికీ లోటు రాదు.

రక్తపరీక్షలో ఎల్.డి.ఎల్. ఎక్కువగా ఉన్నవారికి తిండి, నడక చాలకపోతే డాక్టర్లు స్టాటిన్ మాత్ర వ్రాస్తారు. జపానులో అకిరా ఎండో అనే శాస్త్రజ్ఞుడు 1973లో ఒక బూజునుంచి ఈ జాతి మందును మొదట తీశాడు. అది కాలేయంలో కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తుంది. సరుకు చాలక కాలేయం తన ద్వారాలను పెంచి నెత్తురులోని ఎల్.డి.ఎల్.ను లోపలికి లాగుకుంటుంది. రిపోర్టు బాగా వచ్చిందని ఈ మాత్రను సొంతంగా మానరాదు. మానిన కొద్ది వారాలకే కాలేయం పాత లెక్కకు వచ్చేస్తుంది.